రెండు చేతుల ఫిల్ము

నా ఫిల్ములు అందంగా ఉండేవి. ప్రొద్దుటూరులో నేను ఎక్స్‌రే పని చేసిన ఆస్పత్రి ఇప్పుడు లేదు, ఆ మెషీను తుక్కుకు పోయింది, నన్ను మెచ్చుకున్నవాళ్లలో చాలామంది పోయారు. కాబట్టి సాక్ష్యం అడగకుండా నా మాట నమ్మండి. ఆ అందమే ఒక మనిషిని పద్నాలుగు నెలలు మంచాన పడేసింది. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు చదువుతారని ఆ సంగతి రాస్తున్నాను. మీరు నాకంటే బాగా చదువుకున్నవాళ్లు. తప్పులు కూడా నాకంటే బాగా చేయగలరు.

నా చదువు ఐదో తరగతి. జమ్మలమడుగు బడిలో అయ్యవారూ నేనూ ఒకరినొకరం భరించలేక విడిపోయాం. ఆయన బడిలోనే ఉండిపోయాడు, నేను ప్రొద్దుటూరు వచ్చి ఒక ఫోటో స్టూడియోలో చేరాను. అక్కడ నా పని నెగటివు మీద పెన్సిలు పట్టి ముఖాలు బాగుచేయడం. మశూచి మచ్చలు తీసేసేవాణ్ణి. చామనచాయ పెళ్లికూతుళ్లను తెల్లగా చేసేవాణ్ణి. ఒక పెళ్లికొడుకు తన ఫోటో తానే గుర్తుపట్టలేక వేరేవాళ్లదేమోనని తిరిగి ఇచ్చేసి పోయాడు కూడా. ఆస్పత్రికి ఎక్స్‌రే మెషీను వచ్చినప్పుడు చీకటిగదిలో ఫిల్ములు కడగడానికి మనిషి కావాలన్నారు. కడగడం నాకు వచ్చు, చీకటికి భయం లేదు. చేరిపోయాను. మెషీను తిప్పే ఆయన ఏడాదికే మద్రాసుకు ఉద్యోగం చూసుకొని వెళ్లిపోతే, తీయడమూ కడగడమూ రెండూ నా మీదే పడ్డాయి. తెర ఇవతల నేనే, అవతలా నేనే.

డాక్టరు సర్కారు జిల్లాల మనిషి. మద్రాసులో సర్జరీ చదివి వచ్చాడు, మా మాట అర్థం కావడానికి ఆరు నెలలు పట్టింది. నా ఫిల్ములు మాత్రం మొదటి రోజు నుంచే అర్థమయ్యాయి. వెలుతురుకు పట్టి చూసి, "ఎంత శుభ్రంగా తీశావయ్యా" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం నేను రెండో ఫిల్ము, అవసరమైతే మూడోది కూడా తీసేవాణ్ణి. చెడిపోయిన వాటిని ఆయన కంటబడకుండా చీకటిగదిలో ఒక రేకుపెట్టెలో దాచేవాణ్ణి.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, ఒక ఎండాకాలం, తొండూరు దగ్గర పల్లె నుంచి ఒకామె వచ్చింది. ముప్పై ఏళ్లు నిండలేదు. దూదేకుల ఇల్లు, మొగుడు దూది ఏకే విల్లు భుజాన వేసుకొని ఊరూరా తిరిగి పరుపులు కుట్టేవాడు. అతను ఊళ్ల మీద ఉంటే ఈమెను అత్త తీసుకొచ్చింది. ఆ అత్త నోరు అటు పులివెందుల దాకా వినబడేది. కోడలికి తొడలు నొప్పి, నడుము నొప్పి, నడిస్తే బాతులా ఊగుతుంది, చెంబుల కొద్దీ నీళ్లు తాగుతుంది, తిండి సయించదు. ఇవన్నీ అత్తే చెప్పింది. కోడలిని నోరు తెరవనివ్వలేదు.

మెషీను కింద పడుకోబెట్టి, కదలొద్దమ్మా అన్నాను.

"కదిలే ఓపికే ఉంటే ఈడికెందుకొస్తానన్నా," అంది కోడలు.

ఆమె నోట నేను విన్న మొదటి మాట అది. పక్కన నవ్వాల్సిన అత్త నవ్వలేదు. నాకు మాత్రం, నాలాగే జోకులేసే మనిషే అనిపించింది.

తొడ ఫిల్ము తీసి కడిగాను. నల్లగా వచ్చింది. ఎముక ఉందో లేదో తెలియనంత పలచగా, నీళ్లలో ముంచిన కాగితంలా ఉంది. ఎండ మండిపోతోంది, మందునీళ్లు వేడెక్కి ఫిల్మును కాల్చేశాయనుకున్నాను. తప్పు నాదే అనుకున్నాను. ఇక్కడ కొంచెం ఆగి వినండి పిల్లలూ. తన తప్పు తాను ఒప్పుకోవడం మంచిదంటారు. నేను లేని తప్పును ఒప్పుకొని, ఉన్న రోగాన్ని రేకుపెట్టెలో పెట్టి మూత వేశాను.

తరువాత తొట్టిని తడి గోనెసంచిలో చుట్టి, మెషీను టైము సగానికి తగ్గించి, రెండో ఫిల్ము తీశాను. కడిగేటప్పుడు కూడా తొందరగా పైకి లాగాను. ఎముక తెల్లగా వచ్చింది. పెళ్లికూతురిలా ఉంది. డాక్టరు చూసి, ఎముకకు ఏమీ లేదు, బలహీనత అని చీటీ మీద రాసి టానిక్కు ఇచ్చి పంపాడు.

నాలుగు నెలలకు మళ్లీ వచ్చింది. ఈసారి నడుములో రాయి. ఆ రాయి దానంతటదే పడిపోయిందని, గుడ్డలో మూటగట్టి తెచ్చి చూపించింది అత్త. మా ప్రాంతంలో కడుపులో రాళ్లంటే ఎవరూ ఆశ్చర్యపోరు. నీళ్ల మీదికి తోసేస్తారు. జమ్మలమడుగు బండలు ఇళ్లలో పరిచింది చాలక ఒంట్లో కూడా పరుచుకుంటున్నారని నేనూ ఏదో జోకు వేశాను. ఇప్పుడు పక్కటెముకలు కూడా నొప్పి అంటే ఫిల్ము తీశాను. మళ్లీ నల్లగానే వచ్చింది. ఈసారి నాకు భయం లేదు, చిట్కా తెలుసు. మళ్లీ సగం టైముతో తీశాను. మరిచిపోకుండా మెషీను పక్క గోడ మీద సుద్దముక్కతో రాసుకున్నాను కూడా: "తొండూరామె - సగం."

ఆ రెండు మాటల్లో ఆమె రోగం మొత్తం ఉంది. మద్రాసు పెద్ద డాక్టర్లు చెప్పాల్సిందాన్ని ఐదో తరగతివాడు సుద్దతో గోడ మీద రాశాడు, రాసినవాడికే అది చదవడం రాలేదు. అందరికీ సరిపోయే టైము ఈమె ఒక్కదానికే ఎందుకు ఎక్కువైందని ఒక్కసారైనా అనుకోలేదు.

రెండుసార్లు డాక్టరు ఎముక బాగుందన్నాక పల్లెలో ఆమె పరిస్థితి మారిపోయింది. అంతకుముందు రోగిష్టిది, ఇప్పుడు పనిదొంగ. నొప్పి అంటే, ఫోటో తీసి చూసినారు కదా అన్నారట. మొగుడికి వేరే పిల్లను చూడాలని అతని తరఫు పెద్దలు పట్టుబట్టారట. ఇదంతా నాకు తరువాత తెలిసింది. ఆ సమయంలో నేను హాయిగా ఫిల్ములు కడుగుతున్నాను.

ఈలోపు ఆంధ్రప్రదేశ్ వచ్చింది, రాజధాని హైదరాబాదుకు పోయింది. రాష్ట్రం పెరిగింది, ఆమె పొట్టిదైంది. మూడోసారి ఎద్దులబండిలో, వాళ్లు కుట్టిన పరుపు మీదే పడుకోబెట్టి తెచ్చారు. నేను ఆమెను గుర్తుపట్టలేదు. అత్తను గుర్తుపట్టాను, ఆమె గొంతు తగ్గిపోయినా సరే. కోడలు చేత్తో చెంబు ఎత్తబోతే మణికట్టు దగ్గర పటుక్కుమందట. చెంబులో నీళ్లు కూడా సగమే ఉన్నాయట.

ఆ వారమే ఎవరో పెద్దాఫీసరు చూడటానికి వస్తున్నాడని ఆస్పత్రి గోడలకు సున్నం కొట్టారు. నా సుద్దరాత దాని కింద పోయింది. సగం టైము సంగతి నాకు గుర్తు రాలేదు.

ఆమె వేళ్లు చాచలేకపోయింది. ఫిల్ము మీద చేయి పరిస్తే వణికి పక్కకు జారిపోతోంది. అత్తను పిలిచి, కోడలి చేతి పక్కనే నీ చేయి పెట్టి వేళ్లు అదిమి పట్టుకోమ్మా అన్నాను. ఇప్పుడైతే అట్లా చేయరు, చేయకూడదు. అప్పుడు మాకు తెలియదు. ముసలామె వేళ్లను కోడలి వేళ్లకు పెనవేసి పట్టుకుంది. అందరికీ ఇచ్చే టైమే ఇచ్చాను.

చీకటిగదిలో, ఎర్రదీపం కింద, నీళ్లలో మొదట అత్త చేయి తేలింది. అరవై దాటిన చేయి. దూది ఏకిన చేయి, పరుపులు కుట్టిన చేయి. ఒక్కో ఎముకా తెల్లగా, గట్టిగా వచ్చింది. పక్కన కోడలిది కూడా వస్తుందని చూస్తూ నిలబడ్డాను. అది వచ్చినంతే వచ్చింది. వేళ్ల ఎముకల అంచులు చెదలు కొరికినట్టున్నాయి. కొసలు కరిగిపోయాయి. మణికట్టు దగ్గర విరిగిన గీత.

ఒకే ఫిల్ము, ఒకే టైము, ఒకే మందునీళ్లు. తప్పు నాదైతే రెండు చేతులూ చెడిపోవాలి.

నాకు నవ్వు తప్ప వేరే ముఖం ఉండదని ఆస్పత్రిలో పేరు. ఆ రోజు గదిలో నుంచి బయటికి వచ్చినప్పుడు నర్సమ్మ చూసి, ఏంది, ఎవరైనా పోయినారా అని అడిగింది. రేకుపెట్టె తెరిచి, పాత నల్ల ఫిల్ములు రెండూ వెతికి తీశాను. అవి బయటపెడితే ఉద్యోగం పోతుందని తెలుసు. పెట్టకపోతే, కొత్త ఫిల్ము చూసి డాక్టరు "మొన్నటిదాకా బాగున్న ఎముకలు ఈమధ్యే పాడయ్యాయి" అనుకుంటాడు. అప్పుడు వేరే దారిలో వెతుకుతాడు. స్టూడియోకు తిరిగి వెళితే పెన్సిలు పని ఎప్పుడూ ఉంటుందిలే అనుకొని, తడి ఫిల్ముతో సహా మూడూ తీసుకుపోయి డాక్టరు బల్ల మీద పెట్టాను.

అంతా చెప్పాను. పెట్టె గురించి, సగం గురించి, గోడ గురించి. ఆయన ఒక్కో ఫిల్మునూ కిటికీకి పట్టి చూశాడు. వాటిని వరసగా బల్ల మీద పరిచాడు, తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఎన్నాళ్లయింది మొదటిది తీసి?"

"పద్నాలుగు నెలలు సార్."

"నువ్వు ఎముకను అందంగా చేశావు. నేను అందంగా ఉందని నమ్మాను," అన్నాడు. "రాయి పడిందంటే కూడా నాకు తట్టలేదు. పద, ఆమెను మళ్లీ మొదటి నుంచి చూద్దాం."

కాంపౌండరు చేత పుస్తకం చూసి ఒక మందు కలిపించాడు. ఆమె మూత్రంలో దాన్ని చుక్కలు చుక్కలుగా వేస్తే, గాజుగొట్టంలో నీళ్లు మజ్జిగలా తెల్లబడిపోయాయి. అదంతా సున్నమయ్యా అన్నాడు డాక్టరు. ఎముకల్లో ఉండాల్సిన సున్నం రక్తంలోకి దిగి, మూత్రంలో పోతోంది. దారిలో ఆగిన చోట రాయి కడుతోంది. ఆమె ఇల్లు కూల్చి ఎవరో రోజూ బయట పోస్తున్నట్టే.

తరువాత మెడ చూడబోయాడు. మెడలో నల్లదారంతో తాయెత్తు ఉంది, ఏ దర్గా ఉరుసులోనో కట్టించింది. ముందు వచ్చిన రెండుసార్లూ దాన్ని మేమెవరమూ ముట్టుకోలేదు. మర్యాద అనుకున్నాం. పక్కకు జరపమంటే అత్తే జరిపింది. దాని కింద, గొంతుకు ఒక పక్కగా, గుండ్రంగా గడ్డ.

ఇది ఎన్నాళ్ల నుంచి ఉందని అడిగాడు. ఆడోళ్లకు గొంతుగడ్డలు మామూలే కదా, దానికేం నొప్పి లేదంది అత్త. అంతలో తనకే ఏదో గుర్తుకొచ్చినట్టు ఆగి, దారం పట్టుకొని చూస్తూ అంది:

"ఇది బిగుసుకపోతాంటే మూడుతూర్లు పొడుగు దారం కట్టినా సామీ. తాయెత్తు పని చేస్తాండాది, ఒళ్లు చేస్తాండాదేమో అనుకున్యా."

ఆమె రోగాన్ని కొలతతో సహా కనిపెట్టుకుంటూ వచ్చినవాళ్లం ఇద్దరం. సుద్దముక్కతో నేను, నల్లదారంతో ముసలామె. ఇద్దరికీ చదువు లేదు.

డాక్టరు మాకు అర్థమయ్యేట్టు చెప్పాడు. గొంతులో థైరాయిడ్ గ్రంథి వెనకాల పారాథైరాయిడ్ అని నాలుగు చిన్న గ్రంథులుంటాయట. ఒక్కోటి కందిగింజ కంటే పెద్దది కాదు. రక్తంలో సున్నం ఎంత ఉండాలో చూడటమే వాటి పని. వాటిలో ఒకదానికి గడ్డ లేస్తే, అది ఆగకుండా ఎముకల్లోంచి సున్నం లాగుతుంది. మామూలుగా ఆ గడ్డలు చేతికి తగలనంత చిన్నవే. ఇంత పెద్దది తాను పుస్తకంలో చదివాడే కానీ చూడలేదు. పెద్దదయితే మూడు సంగతులట. లాగడం ఎక్కువ. క్యాన్సరేమోనన్న అనుమానం ఎక్కువ. తీసేశాక వచ్చే గండమూ ఎక్కువ.

ఫిల్ములు పట్టుకొని రైలెక్కి మద్రాసులో తన గురువుకు చూపించి వచ్చాడు. పేషంటును అక్కడికే పంపమన్నారు గురువుగారు. ఆమెను మంచం దించితేనే ఎముక విరుగుతోంది, మద్రాసు దాకా ఎట్లా పంపేది? ఇక్కడే చేస్తానని నిలబడ్డాడు.

ఆపరేషను ముందు అత్త నా గదికి వచ్చి ఆ ఫిల్ము చూపించమంది. కిటికీకి పట్టి చూపించాను. ఏ చేయి ఎవరిదో నేను చెప్పకముందే చెప్పింది.

"నాది గింజ తీయని పత్తి. దానిది ఏకిన దూది," అంది. ఫిల్ము నా చేతికిచ్చి, కొంగుతో ముఖం తుడుచుకుంది. "పనిదొంగ అని ఊరంతా చెప్పింది నేనేనప్పా. పండుకోనుంటే లేపి దంపించినా."

నువ్వొక్కదానివే కాదులే అత్తా అన్నాను.

ఆపరేషను మూడు గంటలు పట్టింది. వరండాలో అత్త, మొగుడు, నేను. మొగుడు విల్లు కూడా వెంట తెచ్చుకున్నాడు. ఆ నారి మీద వేలు పెట్టి, మోగకుండా మీటుతూ కూర్చున్నాడు. రెండో పెళ్లి సంగతి నేను అడగలేదు. అతనే, పెద్దోళ్లు చెప్తాంటే నేను యాడన్నా తలూపినానా అన్నాడు. ఊపలేదులే అంది అత్త. అతని నోట నేను విన్నది అంతే.

డాక్టరు బయటికి వచ్చి గిన్నెలో గడ్డ చూపించాడు. కోడిగుడ్డంత ఉంది, నున్నగా, ఎర్రమట్టి రంగులో. కందిగింజ కోడిగుడ్డయితే ఎముకలు దూది కాక ఏమవుతాయి? దాన్ని సీసాలో పెట్టి మద్రాసుకు పంపాం. క్యాన్సరు కాదని జవాబు రావడానికి మూడు వారాలు పట్టింది. అంత పెద్దగా ఉన్నంత మాత్రాన అది దుర్మార్గపుది కావాలని లేదన్నమాట. మనుషుల్లో కూడా అట్లాంటివాళ్లను నేను ఒకరిద్దరిని చూశాను.

అసలు గండం రెండోరోజు మధ్యాహ్నం వచ్చింది. పెదవుల చుట్టూ చీమలు పాకుతున్నాయంది కోడలు. కాసేపటికి వేళ్లు వాటంతటవే బిగుసుకొని ముడుచుకుపోయాయి. అత్త గాలి సోకిందని కేకలు పెట్టింది. డాక్టరు ముందే చెప్పి ఉంచాడు: ఇన్నేళ్లు పస్తులున్న ఎముకలు, దొంగ పోగానే, రక్తంలోని సున్నమంతా ఒక్కసారిగా తాగేస్తాయి. అప్పుడు కండరాలు బిగుసుకుంటాయి, గుండె కూడా ఆగొచ్చు. నర్సమ్మ కాల్షియం సూదిమందును నరంలోకి నిమ్మళంగా ఎక్కిస్తే, ఒక్కో వేలూ తెరుచుకుంది. ఎముకలకు ఇంత ఆకలి ఉంటుందని ఎవరనుకున్నారు? మూడు రోజుల్లో ఆస్పత్రిలోని మందు అయిపోయింది. ఊళ్లోని అంగళ్లలో ఉన్నదీ తెచ్చాం. అది రెండు రోజులకు సరిపోతుందనగా, డాక్టరు నన్ను పిలిచి బస్సెక్కమన్నాడు.

జమ్మలమడుగులో ఒక పెట్టె దొరికింది. అక్కడి నుంచి పులివెందుల పోయాను. అప్పట్లో కాల్షియం సూది వేయించుకుంటే ఒళ్లంతా వెచ్చబడుతుందని, బలమని, మా పెద్ద సేద్యగాళ్లకు అదొక మోజు. అక్కడి కాంపౌండరు దగ్గర రెండు పెట్టెలున్నాయి కానీ, అవి ఒక పెద్దాయనవి, ప్రతి శుక్రవారం వేయించుకుంటాడు, ముట్టుకుంటే నా చేయి ఉండదన్నాడు. ఆ పెద్దాయన ఇంటికే పోయాను. అరుగు మీద కూర్చొని ఉన్నాడు, ఎద్దులా ఉన్నాడు. సంగతంతా చెప్పాను. నా తప్పుతో సహా చెప్పాను. ఎందుకో ఆ వారం ఎవరు కనబడినా చెప్పేస్తున్నాను.

ఆయన అంతా విని, "ఆయమ్మకు ఎముకలు కరుగుతాంటే నాకు వెచ్చన కావల్లనా?" అన్నాడు. "తీసుకపోప్పా. సలేస్తే దుప్పటి కప్పుకుంటా."

ఆ పెట్టెలను ఒళ్లో పెట్టుకొని బస్సులో కూర్చుంటే, ప్రతి గుంతకూ నా గుండె గలగలమంది. ఒక్క మందుబుడ్డీ పగలలేదు. ఆ మందు, పాలు, రాగిసంకటి కలిసి ఆమెను మూడు వారాల్లో గట్టున వేశాయి.

ఇంటికి పోయే ముందు ఆమెతో చెప్పాను. వార్డులో, మంచం పక్కన నిలబడి. మొదటిసారే నిజం ఫిల్ములో వచ్చింది చెల్లెలా, నేనే దాచిపెట్టినా అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. "తెలిసి దాచినావా అన్నా?"

"తెలీదు. నా పని చెడిందనుకున్యా."

"నొప్పి ఉండాదని ఒక్కరన్నా నమ్మితే చాలని ఆ దినాల్లో ఏడుస్తాంటి," అంది. "నీ పెట్టెలో ఉండాదని తెలిసుంటే నీ కాడికే వచ్చి ఏడ్చేదాన్ని." దుప్పటి సర్దుకొని, "ఇంగ ఎవురిదీ దాయొద్దు," అంది.

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. రేకుపెట్టెను మాత్రం ఆ రోజే ఖాళీ చేశాను. చెడిన ఫిల్ము కూడా డాక్టరు చూడకుండా ఆ తరువాత ఒక్కటీ ఆ గది దాటలేదు. ఉద్యోగం ఎందుకు తీసేయలేదని చాలా ఏళ్ల తరువాత డాక్టరును అడిగితే, "కొత్తవాడు వస్తే ఈ తప్పు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి కదయ్యా" అన్నాడు.

ఏడాది తిరిగాక ఆమె వచ్చింది. కర్ర పట్టుకొని, కానీ తన కాళ్ల మీద. మధ్యలో విరిగి అతికిన ఒక కాలు పొట్టిగానే ఉండిపోయింది. పోయిన ఎత్తు తిరిగి రాలేదు. మెడలో తాయెత్తు ఉంది, దారం వదులుగా వేలాడుతోంది. చేయి ఫిల్ము తీయమని డాక్టరు చీటీ రాశాడు. ఈసారి వేళ్లు తానే చాచింది, పట్టుకోవాల్సిన అవసరం లేదు. అయినా అత్త ముందుకు వచ్చి, నాది కూడా పెట్టప్పా, పోయినతూరి ఇద్దరిదీ పెట్టినావు కదా అంది. అప్పటికి, ఊరికే ఒకరి చేయి కిరణాల కింద పెట్టకూడదని డాక్టరు నాకు చెప్పి ఉన్నాడు. వద్దత్తా, నీది పాతదే ఉంది, పక్కన పెట్టి చూసుకుందాం అన్నాను. అందరికీ ఇచ్చే టైమే ఇచ్చాను.

కడిగి, ఆరబెట్టి, పాత ఫిల్మును పక్కన పెట్టి కిటికీలో చూపించాను. కోడలి వేళ్లకు అంచులు వచ్చాయి. అత్త చేతి అంత తెల్లగా కాదు. కానీ ఎముక అని చెప్పేటంత తెల్లగా ఉన్నాయి. మణికట్టు దగ్గర విరిగి అతికిన చోట ఒక బొడిపె, చూపు తిప్పుకోలేనంత స్పష్టంగా కనబడుతోంది.

అత్త రెండు ఫిల్ములనూ మార్చి మార్చి చూసింది. బొడిపె మీద వేలు పెట్టి, "ఇది ఒక్కటి కనపడకుండా చెయ్యప్పా," అంది గొంతు తగ్గించి. "ఊర్లో సూపిచ్చల్ల. నువ్వు చేయగలవంట కదా."

కోడలు కర్ర మీద ఆనుకొని నా ముఖమే చూస్తోంది.

"చేయగలను అత్తా," అన్నాను. "చేయను."

కోడలు నవ్వింది. ఆమె నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి.